దానియేలన్న గిటారు ఎవరిది?

దానియేలన్న పోయాడని సలీం ఫోన్ చేసినప్పుడు నేను ఛత్రినాకలోని మా స్టీలు సామాన్ల దుకాణంలో పెళ్లివారికి బిందెలు చూపిస్తున్నాను. "ఏ దానియేలు?" అని అడిగాను. నాకు తెలిసిన దానియేలు ఈ లోకంలో ఒక్కడే. అయినా అడిగాను. ఆ దుర్వార్త విన్న మనస్సు ఇప్పటికీ కుదుటపడలేదు. ఈ నాలుగు మాటలూ గజిబిజిగా ఉంటే పాఠకులు మన్నించాలి.

దానియేలన్న ఉప్పుగూడ వాస్తవ్యుడు, రైల్వేలో ఉద్యోగ విరమణ చేసినవాడు, నాదోపాసకుడు, మిత్రవత్సలుడు. ఇన్ని విశేషణాలు వింటే ఆయనే "ఎవరు తమ్మీ ఆయన? జర నాక్కూడ చూపియ్" అనేవాడు. మా దుకాణం మీది గదిలో ప్రతి ఆదివారం గిటారు పిచ్చివాళ్లం కూడేవాళ్లం. నాది ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు. స్పీకరు డబ్బాకు తగిలిస్తే కింద గిన్నెలన్నీ గలగలమంటాయి. బహదూర్‌పురా సలీందీ ఎలక్ట్రిక్కే, నల్లది. దానియేలన్న వాయించేది మాత్రం ఆర్చ్‌టాప్. దాని పొట్ట వయొలిన్‌లాగా ఉబ్బి ఉంటుంది. గుండ్రటి రంధ్రానికి బదులు రెండు పక్కలా రెండు వంకర చీలికలుంటాయి. ముదురు తేనె రంగు. ఆయన మెత్తటి గుడ్డతో దాన్ని తుడుస్తుంటే మాకు మాట్లాడబుద్ధయ్యేది కాదు.

ఆ గదిలో ఒక ఆచారం ఉంది. పెట్టింది ఆయనే. కొత్తవాళ్లెవరొచ్చినా గిటారు ఒళ్లో పెట్టుకుని ముందు దాన్ని పరిచయం చెయ్యాలి. ఎవరిది, ఎట్లా చేతికొచ్చింది అని చెప్పాకే తమ పేరు చెప్పుకోవాలి. "మనిషి అబద్ధం చెప్తడు తమ్మీ, గిటారు చెప్పదు" అనేవాడు. అట్లా అన్న మనిషే ఇంతటి కథలమారి అని ఆయన పోయాక గాని మాకు తెలియలేదు.

ఆదివారం పొద్దున ఆయన్ని తీసుకురావడానికి సలీం, నేను ఉప్పుగూడ వెళ్లేవాళ్లం. అన్న గిటారు సంచి భుజాన వేసుకుని గడప దగ్గర ఆగి, లోపలికి తిరిగి "కరుణా, తీస్కపోనా?" అనేవాడు. లోపలి నుంచి వదిన "తీస్కపో, పైలం" అనేది. ఆ జవాబు వచ్చేదాకా అడుగు బయటపెట్టేవాడు కాదు. "ఏందన్నా, మాతోని వచ్చేతందుకు గూడ పర్మిషనా?" అని నేను ఆటపట్టిస్తే, "అడిగి తీస్కపోతె చేతిల తేలిగ్గుంటది తమ్మీ" అనేవాడు. పెళ్లానికి భయపడే మగవాళ్ల జాబితాలో ఆయన్ని చేర్చేసి నవ్వుకున్నాం.

చివరి ఆదివారం వాయిస్తూ వాయిస్తూ ఛాతీ పట్టుకున్నాడు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. గిటారు మా గదిలోనే ఉండిపోయింది. మర్నాడు వదిన వేడినీళ్ల కోసం బయటికెళ్లినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "తమ్మీ, గిటారు జల్ది దాని మనిషికి ఇచ్చెయ్. పరాయి చోట ఉండద్దు అది." "ఎవరన్నా దాని మనిషి?" అన్నాను. వేళాకోళం అనుకున్నాడేమో, నవ్వాడు. "నీకెరుక లేదా ఏంది?" అన్నాడు. అంతలో నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. నేను విన్న ఆయన చివరి మాట అదే. అది నాకు అర్థం కాలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆ మాట సలీంకు చెప్పి, "అన్న వాళ్ల పెదనాయినది గదా అది? ఇంట్ల తండ్రికి తెల్వకుండ ఆయన దగ్గర దాచి వాయించిండు. నాకు తనే చెప్పిండు" అన్నాను. సలీం తెల్లబోయాడు. "ఏం మాట్లాడ్తున్నవ్ భాయ్? జుమ్మెరాత్ బజార్ల పాత సామాన్లల్ల తీగలు లేకుండ పడుంటె ఎవరో ముసలాయన దగ్గర కొన్నడు. నాతోని కసమ్ తిని చెప్పిండు!" గదికొచ్చే మిగతావాళ్లను అడిగితే ఎవరి కథ వారిదే.

అన్న ఆఖరి కోరిక తీరకపోతే ఎట్లా అని నాకు నిద్ర పట్టలేదు. పెదనాన్న కొడుకుల ఇంటికి వెళ్లాను. "మా బాపుకు గిటారా? పెండ్లిల బ్యాండు వస్తెనే చెవులు మూసుకుంటుండె" అన్నారు. సలీం బజారంతా తిరిగాడు. "ఏ ముసలాయన భాయ్? ఈడ అందరం ముసలోళ్లమే" అన్నారట. వదినను అడగాలని మాకెవరికీ తట్టలేదు. మా ఆచారం ప్రకారం గిటారు సంగతి దాన్ని ఒళ్లో పెట్టుకున్నవాళ్లే చెప్పాలి. ఏనాడూ వాయించని మనిషికి దాని సంగతి ఏం తెలుస్తుందనుకున్నాం.

మొన్న ఆదివారం ఆయన కుర్చీలో ఫోటో పెట్టి సంతాప సభ జరిపాం. వదిన మొదటిసారి మా గది మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. అన్న తరఫున గిటారును పరిచయం చెయ్యాలనుకున్నాం. ఏ కథ చెప్పాలో తేలక సలీం, నేను అక్కడే వాదులాడుకున్నాం.

"ఏం లొల్లి అది?" అంది వదిన. చెప్పాం. ఆమె ఫోటో వైపు చూసింది. "ఇట్లియ్యుండ్రి" అని గిటారు ఒళ్లోకి తీసుకుంది. ఒక తీగ మీటి, చెవి ఒగ్గి, దాని బిరడా కొంచెం తిప్పింది. శ్రుతి కుదిరింది.

"ముందు గిటారు సంగతే గదా చెప్పాలె? ఇది మా నాయినది. చర్చిల వాయిస్తుండె. నాకూ నేర్పిండు. పెండ్లయినంక నాతోని పంపిండు. నా పేరు కరుణ."

సలీం, "మరి అన్న మాకు గన్ని కథలెందుకు చెప్పిండు భాభీ?" అన్నాడు.

"నాదని చెప్పద్దని నేనే అన్న. చెప్తె నన్ను వాయించుమంటరు. నాయిన పోయినంక నాకు చేతులు రాలే. అది మూలకు పడుంటె ఆయనకు మనసొప్పలే, తను వాయించిండు. కథలా? అవి నాకెరుక లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. నాన్నకు తెలియకుండా నా గిటారును స్నేహితుడి ఇంట్లో దాచేవాణ్నని మొదటి రోజు సిగ్గుపడుతూ చెప్పాను. సలీం తనది పాత సామాన్ల బజారులో కొన్నానని తల దించుకుని చెప్పాడు. మా సిగ్గు పోగొట్టడానికి ఎవరి కథ వారికే తిరిగి చెప్పాడా? లేక నిజం దాచడానికి నోటికొచ్చింది అల్లాడా? అడుగుదామంటే మనిషి లేడు. ఏ దానియేలు పోయాడని సలీంను అడిగిన ప్రశ్న నన్నింకా వదల్లేదు. ఏ దానియేలైనా సరే, ఆ మహానుభావుడికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అటువంటి మనిషి మాకు మళ్లీ దొరకడు.

వదిన గిటారును సంచిలో పెట్టి భుజాన వేసుకుంది. గడప దగ్గర ఆగి, కుర్చీలోని ఫోటో వైపు తిరిగింది.

"తీస్కపోనా?" అంది.

జవాబు కోసం ఆగింది. మేమూ ఆగాం.