పతంగి అని ఒప్పుకున్న విమానం

విమానాన్ని పతంగిగా మార్చి, పరాయివాళ్ల మేడ మీద దానికి పంచాయితీ పెట్టించిన ఘనుణ్ని నేను. ఎలాగంటారా? వినండి.

డెబ్బైల చివర్లో నేనూ, నాతో ఫ్యాక్టరీలో పనిచేసే యాదగిరీ కలిసి ఇంజిను లేని చిన్న విమానం ఒకటి చేశాం. నేలమీంచి దాన్ని నడిపే రేడియో పెట్టెల జత, ఒకటి మా చేతిలో, ఒకటి విమానం లోపల, యాదగిరి వాళ్ల అన్న సౌదీ నుంచి తెచ్చినది. "గిది ఖరాబైతే మా అన్న నన్ను ఇంట్లకు రానియ్యడు," అని యాదగిరి ముందే చెప్పాడు.

ఇంజిను లేదు కనుక పొడవాటి నైలాను దారంతో లాగి ఎక్కించాలి. విమానం పొట్ట కింద కొక్కెం, దానికి దారం చివరి రింగు. పైకెక్కి దారం వదులైతే రింగు దానంతటదే జారిపోవాలి. కొక్కెం ముందుకుంటే విమానం బద్ధకంగా ఎక్కుతుంది, మరీ వెనకుంటే మెలికలు తిరుగుతుంది. అందుకని అటూ ఇటూ జరిగే కొక్కెం చేశాను. రేకులో పొడవుగా గాడి కోసి, అందులో కొక్కెం దూర్చి, నట్టు బిగించాను. ఇక నన్ను మించినవాడు లేడనుకున్నాను.

మూసీ ఒడ్డున విమానాన్ని వెల్లకిలా పెట్టి సవరించడం మొదలుపెట్టాం.

"కొక్కెం ఎనుకకు జరుపు," అన్నాను.

"ఎవరి ఎనుకకన్నా? నీ ఎనుకకా, నా ఎనుకకా?"

"ఇమానం ఎనుకకు!"

"అది ఎల్లకిల పండుకున్నది గద. దాని ఎనుక ఎటుంటది?"

నిజమే కదా! వెల్లకిలా పడుకున్నవాడికి వెనక అంటే నేల. ఇద్దరం కాసేపు నేలనే చూశాం.

ఆ అయోమయంలో నట్టు ఊడదీసి, కొక్కేన్ని నోరు ముందుకొచ్చేలా తిరగేసి బిగించాను. యాదగిరి దారం పట్టుకుని పరుగెత్తగానే రింగు ఊడిపోయింది. అతను మాత్రం వెనక్కి చూడకుండా "ఎక్కిందా? ఎక్కిందా?" అని అరుస్తూ పోతున్నాడు. నేను విమానాన్ని నెత్తిన ఎత్తుకుని, పెళ్లి బరాత్‌లో గ్యాసు లైటు మోసేవాడిలా నిలబడ్డాను.

ఒళ్లు మండి, కొక్కేన్ని సరిగ్గా తిప్పి, రింగు తగిలించి, ఇక ఊడకూడదని దాని నోరు పటకారుతో నొక్కేశాను. ఈసారి విమానం జివ్వున లేచింది.

"ఇగ దారం ఒదలమను!" అన్నాడు యాదగిరి.

"అది ఒదుల్తలేదు!"

ఎదురు మేడ మీద బనియనుతో నిలబడి పతంగి ఎగరేస్తున్న ఒక సేటు ఇదంతా చూస్తున్నాడు. బేగంబజార్‌లో గిన్నెల వ్యాపారం ఆయనది. గాజుపొడి పూసిన ఆయన మాంజా దారం వచ్చి మా దారాన్ని సర్రున కోసింది. "కాట్!" అన్న కేక మూసీ దాటింది. నేను రేడియో మీట కుడికి తిప్పాను. విమానం నాకేసి వస్తోంది కదా, అది నా ఎడమకు తిరిగింది. దాని కుడి ఎటో తేల్చుకునేలోపు వెళ్లి సేటు మేడ మీదే వాలింది.

రొప్పుతూ మెట్లెక్కాం.

"సేట్ సాబ్, మా గాలిమోటరు..."

"ఏం గాలిమోటరు? నేను కాట్ చేసిన, నా ఛత్తు మీద పడ్డది. పతంగి నాదే."

"పతంగి కాదు సాబ్, రేడియోతోని నడుస్తది."

"మరి దారమెందుకున్నది?"

"పైకెక్కనీకి. ఎక్కినంక ఊడిపోతది."

"ఏదీ, ఊడగొట్టి చూపియ్."

లాగాను. ఊపాను. యాదగిరి విమానాన్ని కావలించుకుంటే నేను దారం పట్టుకుని వేలాడాను. రింగు కదిలితే ఒట్టు.

"దారం ఊడకపోతే పతంగే అంటరు భాయ్," అన్నాడు సేటు చల్లగా. "ఒప్పుకోండ్రి, ఇచ్చేస్త."

యాదగిరికి వాళ్ల అన్న ముఖం కళ్ల ముందు ఆడినట్టుంది. "పతంగే సేట్ సాబ్," అని చేతులు జోడించి నాకేసి చూశాడు.

"పతంగే," అన్నాను నేనూ.

సేటు విమానాన్ని మా చేతుల్లో పెట్టి, జాలిగా భుజం తట్టాడు. "మస్తు బరువున్నది. మల్లసారి కాయితంతోని చెయ్యుండ్రి."

మెట్లు దిగుతూనే ఒట్టు పెట్టుకున్నాను: ఊడవలసినదాన్ని ఈ జన్మలో బిగించను, ముందేదో వెనకేదో తేలేదాకా పటకారు ముట్టను.