మిక్సీకి ఫౌండేషన్ బోల్టులు

మా ఇంట్లో మిక్సీ తిరిగితే హార్బరు బయట లంగరేసిన ఓడలు హారన్ కొట్టి బదులు చెప్పేవి. ఉక్కునగరంలో మా సెక్టారంతా దానితోనే లేచేది. రాత్రి షిఫ్టు దిగి అప్పుడే పడుకున్నవాళ్లు మా క్వార్టరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించేవారు. అలాంటి మిక్సీ ఒక ఉదయం కొబ్బరి పచ్చడి మధ్యలో చిన్న దగ్గు దగ్గి ఊరుకుంది.

నేను ఫోనులో కొత్తది వెతుకుతుంటే మా బావ వచ్చాడు. బావంటే మా ఆవిడ అన్న. స్టీలు ప్లాంటులో ఇద్దరమూ మెయింటెనెన్సు మనుషులమే. దేశం ఎలా బాగుపడాలో ఆయన చేసిన ఉపన్యాసాలన్నీ పోగేస్తే యారాడ కొండ పక్కన ఇంకో కొండ లేస్తుంది.

"ఏటి బావా, మళ్లీ కొత్తదేనా? పాడైందల్లా పారేసుకుంటూ పోతే దేశం ఏటైపోద్ది? బాగుసేసీవోడు ఏటి తింటాడు?"

"ఏటి సెయ్యమంటావు మరి?"

"బాగుసేయించు. మనలాంటోళ్లం సెయ్యగలిగింది అదే. మంత్రులు ఒచ్చి నీ మిక్సీ పట్టుకెళ్తారేటి?"

ఆ మాటలో న్యాయం ఉంది. మిక్సీని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, బావతో బస్సెక్కి వన్‌టౌనులో భాయి కొట్టుకి వెళ్లాను. రెండు పెద్ద దుకాణాల మధ్య మిగిలిపోయిన సందుకి షట్టరు పెడితే అదే భాయి కొట్టు. ఆయన ఊపిరి లోపలికి పీలిస్తే తప్ప ఇంకో మనిషికి చోటుండదు. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాడు. మా చేతిలో మిక్సీ చూసి పండగ నెలవంక కనబడినట్టు లేచి నిలబడ్డాడు.

"రండి సార్, రండి! పాడైన సామాను మోసుకొచ్చిన మనిషిని సూసి ఎన్నాళ్లయిందో. అందరూ కొత్తవి కొనీసుకుంటన్నారు. రంజాను దాకా సూత్తాను. అప్పటికీ ఇలగే ఉంటే షట్టరు దించీసి మా అన్న బట్టల కొట్లో కూకుంటాను."

"మంచిదే కదా భాయి, ఫ్యాను కింద ఉద్యోగం," అన్నాను.

"ఏటి మంచిది సార్! నాను సీర మడతపెడితే బొంత అయిపోద్ది. అన్న ఆడోళ్లందరి ముందూ తిడతాడు. ఈ వయసులో నాకు ఆ తిట్లు ఎందుకు సార్?"

బావ కళ్లు తడిశాయి. "నీ షట్టరు దిగదు భాయ్. నానున్నాను," అని కొట్టు మధ్యలో ప్రకటించాడు. రోడ్డుమీద వెళ్తున్న మేక కూడా ఆగి విన్నది.

మర్నాటి నుంచి బావ సెక్టారు సెక్టారూ తిరిగి పాడైన సామానంతా పోగేశాడు. ఓడకెత్తాల్సిన సరుకుని ఆటోలో కుక్కి వన్‌టౌను చేర్చాం. సామానుతో పాటు వాటి యజమానులూ వచ్చారు. అక్కడే కథ అడ్డం తిరిగింది. ఎదటివాడు మిషను విప్పుతుంటే మా మెయింటెనెన్సువాళ్లకి కూర్చోబుద్ధి కాదు, అది మా జబ్బు. "కొంచెం జరుగు భాయ్," అన్నాడు బావ. భాయి జరిగాడు. ఇంకొకాయన "ఆ బేరింగు ఇలాగివ్వు" అన్నాడు. భాయి ఇంకా జరిగాడు. అలా జరిగి జరిగి రోడ్డుమీదకి వచ్చేశాడు.

వారం తిరక్కుండా కొట్టులో షిఫ్టులు పడ్డాయి. ఉదయంవాళ్లు దిగేటప్పుడు మధ్యాహ్నంవాళ్లకి ఛార్జి అప్పగించేవారు: "గ్రైండరు విప్పదీసి ఉంది, జాగర్త." ప్లాంటులో మాకు ఒక్కటే చదువు: ఒకసారి ముట్టుకున్న మిషను మళ్లీ ఆగకూడదు. ఆ చదువంతా ఇస్త్రీపెట్టెల మీద చూపించాం. ఫ్యాను రాడ్డు తీసి క్రేను మోసే రాడ్డు వేశాం. మా మిక్సీకయితే అడుగున ఇనప దిమ్మ బిగించి, ఇంటికి తెచ్చి, వంటింటి గట్టుకి ఫౌండేషన్ బోల్టులు వేసి కూర్చోబెట్టాడు బావ. భూకంపం వస్తే క్వార్టరు పోవచ్చు గానీ మిక్సీ కదలదు.

కొన్నాళ్లకి అటు పనుండి భాయి కొట్టులోకి తొంగిచూశాను. లోపల ఒక్క వస్తువూ లేదు. భాయి బల్లమీద దుప్పటి పరిచి మడతలు వేస్తున్నాడు. అది ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి అయి కూర్చుంది.

"ఏటి భాయి ఇది?"

"పేక్టీసు సార్. రంజాను దగ్గర పడతంది కదా."

"మేం అంత సామాను తెచ్చాం కదా!"

"తెచ్చారు, మీరే సేసీసుకున్నారు. నాను బాగుసేసిన మిక్సీ ఏడాదికోసారి నన్ను పలకరించడానికి ఒచ్చీది. మీరు సేసింది నా మనవల కాలానికైనా కొట్టుకి తిరిగిరాదు. మీ సెక్టార్లల్లో పాడవడానికి ఇంకేటుంది సార్?"

కొట్టుని బతికించబోయి దాని ఊపిరి మేమే పీల్చేశాం. బస్సులో కూర్చుని ఆలోచిస్తే నాకు తోచింది ఇదీ: దేశానికి సాయపడదామనుకున్నవాడు పనివాడికి పని ఇవ్వాలి, ఇచ్చాక తన చేతులు తను జేబులో పెట్టుకోవాలి. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోదానికే దేశభక్తి కావాలి.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మిక్సీ ముందు స్పానరు పట్టుకుని నిలబడి ఉంది. జారు మూతకి కూడా బావ నట్లు బిగించాడు.

"ఇది మిక్సీయా, రోలింగ్ మిల్లా? స్విచ్చేస్తే గట్టుతో పాటు గేసు పొయ్యి కూడా నడుత్తంది. కింద తుడుద్దామంటే కదలదు. పచ్చడి సేసుకోడానికి మీ ఇంజినీరు దగ్గర పర్మిట్ తేవాలేటి? అన్నయ్యని పిలిచి ఈ దిమ్మ పీకించండి!"

నా బుర్రలో దీపం వెలిగింది.

"మీ అన్నయ్యకి బిగించడమే గానీ పీకడం రాదు. వన్‌టౌన్ భాయి పీకుతాడు," అన్నాను.

ఆవిడ వెంటనే వాళ్ల వదినకి ఫోను చేసింది. బావ భార్య ఇస్త్రీపెట్టె ఎత్తడానికి పక్కింటావిడని సాయం పిలుస్తోందట, చొక్కాలు అప్పడాలవుతున్నాయట. అక్కడి నుంచి మాట సెక్టార్లన్నీ చుట్టింది. ఆదివారం మా మిక్సీని గట్టు పెచ్చుతో సహా పెకలించి, బావని ముందు పెట్టుకుని మగాళ్లందరం మేం బిగించినవన్నీ మళ్లీ ఆటోలకెత్తుకుని బయలుదేరాం. దించేసరికి ఆటో స్ప్రింగులు నిట్టూర్చాయి.

"వీటి ఒళ్లు మళ్లీ మామూలుగా సేసీయాలి భాయ్, ఆడోళ్లు ఎత్తీలాగ," అన్నాడు బావ, తల దించుకుని.

భాయి సామాను వైపు చూశాడు, మా చేతుల వైపు చూశాడు. "సేత్తాను. గానీ ఉక్కునగరం సార్లందరూ రోడ్డుకి అవతల నిలబడాలి."

ఆ పని రంజాను దాటి సాగింది. ఊడదీయించుకోడానికి వచ్చినవాళ్లు ఇంట్లో మిగిలిన పాతవీ తెస్తున్నారు. జనం మూగడం చూసి వన్‌టౌన్ వాళ్లు కూడా పాత ఫ్యాన్లు దింపుకొస్తున్నారు. షట్టరు దిగలేదు.

మొన్న వెళ్లేసరికి భాయి ఎవరిదో గ్రైండరుకి మేం బిగించిన బోల్టు రంపంతో కోస్తున్నాడు. బావ రోడ్డుకి అవతల గట్టుమీద, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"రంపం అలగ పట్టుకుంటే తెల్లారిపోద్ది బావా," అన్నాడు గొంతు తగ్గించి.

"పోనీ బావా."

"ఒక్క బోల్టు. ఒక్కటంటే ఒక్కటే కోసొచ్చీత్తాను."

బావ ఒక కాలు రోడ్డుమీద పెట్టాడు.

"సార్, కూకోండి," అన్నాడు భాయి, తలెత్తకుండానే.