పిస్టలా, రివాల్వరా

ఉదయగిరి పక్కన మా ఊరికి నాయన ఒకప్పుడు సర్పంచి. పదవి ఎప్పుడో పోయింది గానీ పంచె రొండిన రివాల్వర్ మాత్రం పోలేదు. దాన్ని ఆయన ఎన్నడూ కాల్చిన పాపాన పోలేదు. పంచాయితీకి కూర్చున్నప్పుడు చొక్కా కింద అది కాస్త ఎత్తుగా కనపడాలి, అంతే. నిరుడు అది బొత్తిగా పాడైపోయింది. లైసెన్సు ఉంది కదా, కొత్తది కొందామని నెల్లూరు బయల్దేరాడు. నిమ్మతోటా, కారు తోలడమూ, ఆయన మందులూ అన్నీ కూతుర్ని నేనే చూసుకుంటాను కాబట్టి తోడూ నేనే. తుపాకీ అంటే నాకు ఒళ్లుమంట. అయినా వెళ్లాను.

తుపాకుల కొట్టాయన అద్దాల బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి పిస్టల్, ఒకటి రివాల్వర్. రెండూ చిన్నవే.

"పిస్టల్ తీసుకోండి సార్. పలచగా ఉంటుంది. నడుముకు పెట్టుకున్నా ఎవరికీ తెలియదు."

"తెలియకపోతే ఇంక ఎందుకయ్యా?" అన్నాడు నాయన.

అక్కడే రెండూ పంచె మడతలో దోపి చూసుకున్నాడు. పిస్టల్ జారిపోయింది. రివాల్వర్ పొట్ట గుండ్రంగా ఉండి నిలిచింది. అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోతుంటే నాకు నవ్వాగలేదు. కొట్టాయన మాత్రం పట్టు వదలకుండా, ఖాళీదే కదా, దాని పైభాగం ఒకసారి వెనక్కి లాగి చూడమని పిస్టల్ మళ్లీ చేతికిచ్చాడు.

నాయన లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. వేళ్లు వణికి జారాయి. దాన్ని పక్కన పెట్టి రివాల్వర్ అందుకున్నాడు. దాని ట్రిగ్గరూ సగం దాకా వచ్చి ఆగిపోయింది.

ఊరందరికీ తీర్పులు చెప్పిన మనిషి తలెత్తకుండా బల్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. తుపాకీ లేకపోతే పీడా పోయిందనుకునేదాన్ని, ఆ పాడు ఇనుము ఒక్కసారి ఆయన మాట వింటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను.

పిస్టల్ నేను తీసుకుని లాగినట్టు లాగాను. "అబ్బ, నాక్కూడా రాలా. ఏందన్నా, ఇంత బిగుతుగా ఉండాది?"

కొట్టాయన నోరు తెరిచాడు. నేను కళ్లతోనే మూయించాను. "కొత్త సరుకు కదమ్మా, బిగుతుగానే ఉంటుంది" అన్నాడు. ఆయన్ని దేవుడు చల్లగా చూడాలి. ఇంకోసారి వస్తామని చెప్పి బయటపడ్డాం.

దారిలో సంగం ఊరు దాటాక నాయన నా వైపు తిరిగాడు.

"నిమ్మకాయల బస్తా ఒక్కదానివే లారీకెత్తుతావు. దాన్ని లాగలేకపోయినావా?"

"రాలేదు నాయనా."

"అబద్ధాలు కూడా నేర్చినావు." ఆ గొంతులో కోపం లేదు. పంచె మడతలో దాచుకున్న కుడిచెయ్యి తీసి తొడ మీద పెట్టుకున్నాడు. అది వణుకుతూనే ఉంది. "మీ అమ్మకి చెప్పబాకు పాపా. దిగులుపడుద్ది."

ఆత్మకూరు వచ్చేసరికి ఇక ఉండబట్టలేకపోయాను.

"అమ్మకి తెలుసు నాయనా. నీ చొక్కా గుండీలు పెడతా ఉండేది ఎవరు?"

ఆయన తన చొక్కా గుండీలు ఒక్కొక్కటే తడుముకున్నాడు.

"ముసలితనంలో ప్రేమ ఎక్కువైందనుకున్నానే."

"అదేలే నాయనా" అన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి కారు పక్కకి ఆపాల్సి వచ్చింది.

ఇంటికెళ్లాక ఏదీ నచ్చలేదని అమ్మకి చెప్పాడు. మర్నాడు పంచాయితీకి బయల్దేరుతూ ఆయన చొక్కా తగిలించుకుని, గుండీలు అలాగే వదిలేసి, తనే వంటింటి గడప దగ్గరికి వెళ్లి, అమ్మ చేతులు తుడుచుకుని వచ్చేదాకా నిలబడ్డాడు.