పాత వాగ్దానం

తొంభై ఆరులో, మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజులు. నారాయణగూడలో బస్సెక్కి, ఆడవాళ్ళ సీట్లో ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్ళో బైబిలు, చేతిలో అంచులు నలిగిన చిన్న కార్డు ఉన్నాయి.

నా ఏడుపు మొహం చూసి, "ఎవరికి బాగలేదు బిడ్డా?" అంది. చెప్పాను. ఆమె ఆ కార్డు నా చేతిలో పెట్టింది.

"కొత్త సంవత్సరం నాడు మా చర్చిల ఒక్కొక్కరం ఒక వాగ్దానం కార్డు తీస్తం. ఏడాదంత అదే దేవుడు మనకిచ్చిన మాట. మా ఆయన మంచాన పడ్డడు. లేపి నిలబెడతనని నాకు ఇది వచ్చింది."

కార్డు మీద పోయిన సంవత్సరం అంకె ఉంది.

"ఈ ఏటిది తీసుకోలేదా అండీ?"

"తియ్యలే. పాస్టర్ గారు కార్డుల డబ్బా ముందల పెడితే వద్దన్న. ముందుగాల ఇచ్చిన మాట కానియ్యి, అప్పుడు కొత్తది తీస్త."

దేవుడి మీద అలిగినట్టే అంది గాని, కార్డును నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి బైబిల్లో భద్రంగా పెట్టుకుంది. చిక్కడపల్లిలో దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, అమ్మ జబ్బుపడ్డ రోజున సగంలో ఆగిపోయిన పారాయణ పుస్తకం తీశాను. అమ్మ గుర్తుకు పెట్టుకున్న నెమలీక అక్కడే ఉంది. అమ్మ ఆపిన శ్లోకం దగ్గర నుంచి, తప్పులతోనే, పైకి చదవడం మొదలుపెట్టాను.