రొయ్యల గుంటల నడుమ కరెంటు కాపలా

ఇందుకూరుపేట దాటాక రోడ్డు కనిపించలేదు. రెండు పక్కలా నీళ్ళు. రోడ్డు మీదా నీళ్ళే. ముందు లారీలో సుబేదార్ సాబ్. వెనక లారీలో నేను, నా పనిముట్ల పెట్టె, రెండు పడవలు, ఒక జనరేటర్. వరి పొలాలు ఎక్కడ అయిపోయాయో, రొయ్యల గుంటలు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. డ్రైవర్ కరెంటు స్తంభాల వరసను గురుతుగా పెట్టుకుని నడిపాడు. ఆ స్తంభాల్లో సగం ఒరిగిపోయి ఉన్నాయి. గాలి తగ్గింది గానీ వాన ఆగలేదు. సముద్రం కనిపించకుండానే వినిపిస్తూ ఉంది.

నేను సైన్యంలో, ఇంజనీర్ల దళంలో ఎలక్ట్రీషియన్ హవల్దార్‌గా పనిచేశాను. సొంతూరు బుచ్చిరెడ్డిపాలెం పక్కన. పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చాక అందరూ మంచుకొండల గురించి అడుగుతారు. చలి ఎంత, తుపాకీ బరువెంత అని. చెబుతాను. తుఫాను సాయానికని నన్ను నా సొంత జిల్లాకే పంపిన సంగతి ఎవరూ అడగరు. ఇంటికి గంటన్నర దూరంలో చేసిన డ్యూటీ అది. ఇన్నేళ్ళలో నాకు బరువుగా మిగిలింది అదొక్కటే.

మైపాడుకు దక్షిణంగా, ఉప్పుటేరు ఒడ్డున ఉన్న పల్లెకు మమ్మల్ని వేశారు. ఊరి జనమంతా బడిలో ఉన్నారు. తరగతి గదుల్లో మనుషులు, వరండాలో మేకలు, వలలు. వచ్చిన సాయంత్రానికే ఇళ్ళ కప్పుల మీద మిగిలినవాళ్ళను పడవల్లో దింపేశాం. అసలు కష్టం నీళ్ళది. చుట్టూ ఉన్నవన్నీ ఉప్పునీళ్ళు. మేం తెచ్చిన డబ్బాలు ఒక పూటకు సరిపోయాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఊరి చివర మంచినీళ్ళ పంపుహౌస్ ఉంది. బోరు బాగానే ఉంది. మోటారు గదిలోకి మాత్రం మోకాటి దాకా నీళ్ళు వచ్చాయి. దానికి వచ్చే కరెంటు లైను గుంటల మధ్యలో తెగి పడింది. మా జనరేటర్ బడికి, మందుల చల్లపెట్టెలకే చాలడం లేదు. లైను బాగుచేయడం ఒక్కటే దారి.

సుబేదార్ సాబ్ మరాఠీ మనిషి. తక్కువ మాట్లాడతాడు. పొద్దున అందరినీ వరసలో నిలబెట్టి ఒకటే చెప్పాడు. "నీళ్ళలో తీగ కనిపిస్తే అందులో కరెంటు ఉన్నట్టే. లేదని హవల్దార్ చెప్పేదాకా ఎవడూ ముట్టుకోవద్దు."

చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక వైర్‌లెస్ మల్టీమీటర్. చూడటానికి మామూలు మీటరులాగే ఉంటుంది. అంకెలు కనిపించే తెర మాత్రం ఊడి చేతికొస్తుంది. మీటరును ప్యానెల్ దగ్గర అయస్కాంతంతో అంటించి, తీగలు తగిలించి, తెర పట్టుకుని పది గజాల దూరం వచ్చి నిలబడవచ్చు. తడిసిన ప్యానెల్ ముందు ముఖం పెట్టి నిలబడే పని తప్పుతుంది. వాడే పద్ధతి ఒకటుంది. ముందు పనిచేస్తున్న కరెంటు మీద పెట్టి మీటరు సరిగ్గా చెబుతోందని చూసుకోవాలి. తర్వాత చచ్చిన లైను మీద చూడాలి. ఆ తర్వాత మళ్ళీ పనిచేస్తున్న కరెంటు మీద. మీటరే పాడైపోయినా తెర మీద సున్నానే కనిపిస్తుంది కాబట్టి. నేను మా జనరేటర్ మీద చూసుకున్నాను. 232 వోల్టులు చూపించింది. రబ్బరు బూట్లు, చేతొడుగులు వేసుకుని గదిలోకి దిగి, లైను వచ్చి చేరే చోట తగిలించి, తెర తీసుకుని గట్టు మీదికి వచ్చాను. సున్నా.

కరెంటు ఆఫీసు నుంచి ఇద్దరు లైన్‌మెన్ పడవలో వచ్చారు. పెద్దాయన పెంచలయ్య. జుట్టు నెరిసింది, స్తంభం ఎక్కితే మాత్రం కుర్రాడిలా ఎక్కుతాడు. రెండో మనిషి రమణయ్య. ముప్పై ఐదేళ్ళుంటాయి. నా మాట వినగానే మొహం వెలిగింది.

"మనోళ్ళే! యాడన్నా మీది?"

"బుచ్చి పక్కన."

"అట్టయితే ఇంక భయమేముండాది," అన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ తీసేశారు. అటువైపు తీగలన్నిటినీ కలిపి భూమికి కట్టేశారు. కరెంటు వచ్చేది అటునుంచే. పంపుహౌస్ వైపు లైను తోక లాంటిది. తోకలోంచి కరెంటు వస్తుందని ఎవరూ అనుకోరు. పని జరిగినంతసేపూ తోక చివర మీటరు ఉండాలని మాత్రం సుబేదార్ సాబ్ పట్టుబట్టాడు. గుంటల కట్టల మీద తిరిగి, లైను పని అయ్యేదాకా ఎవరూ జనరేటర్ వేయవద్దని కేక వేయించాడు. సముద్రం వైపు చివరి గుంటల దాకా ఆ కేక చేరలేదని తర్వాత తెలిసింది.

వైర్‌లెస్ ఆపరేటర్‌ను లైన్‌మెన్ పక్కన నిలబెట్టారు. బీహార్ మనిషి. నేను గట్టు మీదనుంచి తెర చూసి సెట్‌లో చెప్పాలి. అతను అక్కడ పైకి చెప్పాలి. నాది పోస్టు ఒకటి, అతనిది పోస్టు రెండు. 'సున్నా' అన్న ఒక్క మాట అతనికి తెలుగులో నేర్పాను.

"పోస్టు రెండు, పోస్టు ఒకటి. సున్నా. ఓవర్."

"పోస్టు ఒకటి, అందింది," అని అతను లైన్‌మెన్ వైపు తిరిగి "సున్నా!" అనేవాడు.

అక్కడినుంచి రమణయ్య నవ్వు సెట్‌లో నాకు వినిపించేది. "సున్నా కాదు సారూ, సున్నుండ అను. కడుపన్నా నిండతాది."

ఆపరేటర్ దాన్ని కూడా నేర్చుకున్నాడు. ఆ తర్వాత ప్రతిసారీ "సున్నుండ!" అనే అన్నాడు.

మూడు తీగల్లో ఒకటి లాగి కట్టారు. పెంచలయ్య స్తంభం మీద ఉన్నాడు. రమణయ్య నడుంలోతు నీళ్ళలో దిగి రెండో తీగ కొసను వెతికి, చంకకింద పెట్టుకుని స్తంభం వైపు లాక్కొస్తున్నాడు. మోటారు గదిలో నీళ్ళు తోడే మా డీజిల్ ఇంజను గట్టు పక్కనే మోగుతోంది. నేను తెర మీద వాన చినుకులు తుడిచాను. మూడు, నాలుగు వోల్టులు కనిపించాయి. పొడుగు తీగల్లో ఉత్తగానే అలా కనబడతాయి. మళ్ళీ సున్నా అయింది. కళ్ళు తీయకుండా చూస్తున్నాను.

194.

సెట్ నొక్కాను. "కరెంటు! వదలమను! వదలమను!"

ఆపరేటర్ అరిచాడు. "కరెంట్! కరెంట్!" ఆ మాటకు వేరే భాష అక్కర్లేదు. అప్పటికే అయిపోయింది. రమణయ్య అరవలేదు. తీగను గట్టిగా వాటేసుకున్నట్టు ముందుకు వంగి, అలాగే నీళ్ళ మీద వాలాడు.

ఆపరేటర్ సెట్ పడేసి నీళ్ళ వైపు పరిగెత్తాడు. స్తంభం మీదనుంచి పెంచలయ్య గొంతు చించుకున్నాడు. "దిగబాక! నీళ్ళల్లో దిగబాక! నువ్వూ పోతావ్!"

ఆపరేటర్ ఒడ్డున ఆగిపోయాడు. అందరూ నా వైపు తిరిగారు. నా చేతిలోని తెర వైపు. 211. 207. 211.

"ఉంది," అన్నాను. "ఇంకా ఉంది."

ఆ కొద్ది నిమిషాలు నేను చేసిన పని అదే. ఉంది అని చెప్పడం. ఒక మనిషి నీళ్ళ మీద బోర్లా తేలుతుంటే, ఎవరినీ దగ్గరికి పోనివ్వకుండా, పొడిగట్టు మీద నిలబడి అంకె చదవడం. నేను లేదంటే ఆపరేటర్ దూకేవాడు. నేను ఉందని అంటున్నంతసేపూ రమణయ్య అక్కడే ఉన్నాడు.

సుబేదార్ సాబ్ మా ఇంజను ఆపించాడు. అప్పుడు వినిపించింది. సముద్రం వైపునుంచి, కట్టల అవతలనుంచి, ఇంకో ఇంజను మోత. ఆయనా డ్రైవరూ ఆ మోత పట్టుకుని కట్ట మీద పరిగెత్తారు. బురదలో డ్రైవర్ రెండుసార్లు పడ్డాడు. మోత ఆగింది. అంకె దిగిపోయింది.

"సున్నా!" అని అరిచాను.

ఆపరేటర్, నేను, మా దళం నర్సింగ్ సిపాయి దిగాం. కట్ట మీద పడుకోబెట్టి గుండె నొక్కాం. ఒకరు అలిసిపోతే ఒకరు. పెంచలయ్య తల దగ్గర కూర్చుని "రేయ్ రమణా, లేయ్రా అబ్బయ్యా" అంటూనే ఉన్నాడు. నర్సింగ్ సిపాయి చివరికి చేతులు తీసేశాడు. మేం ఇంకాసేపు నొక్కాం.

మీటరును తీసుకెళ్ళి మళ్ళీ మా జనరేటర్ మీద పెట్టి చూశాను. పద్ధతి కాబట్టి. 232. అది సరిగ్గానే ఉంది.

జనరేటర్ వేసినవాడి పేరు మస్తానయ్య. సముద్రం వైపు చివరి గుంట అతనిది. నీళ్ళను చిలికి గాలి అందించే చక్రాలు తుఫాను రోజునుంచి ఆగిపోయాయి. ఆ పొద్దున్నే పడవలో జనరేటర్ తెప్పించుకుని, షెడ్డులోని బోర్డుకు రెండు తీగలు తగిలించి నడిపాడు. పైన లైనునుంచి వచ్చే ఫ్యూజులు పీకలేదు. అతని జనరేటర్ కరెంటు చక్రాలకూ పోయింది, వెనక్కి లైనులోకీ పోయింది. తెగిన లైను తోకలో అతని గుంట, మా పంపుహౌస్, మధ్యలో రమణయ్య.

మధ్యాహ్నానికి రమణయ్య ఊరివాళ్ళు వచ్చారు. కట్ట మీద వాళ్ళ చేతుల్లో తెడ్లు, వెదురు కర్రలు. సుబేదార్ సాబ్ మస్తానయ్య షెడ్డు చుట్టూ మమ్మల్ని నిలబెట్టాడు. నేను తలుపు దగ్గర. లోపల అతను మేత బస్తాల మీద కూర్చుని ఉన్నాడు.

"రొయ్యలు పైకి తేలి నోళ్ళు తెరస్తా ఉండాయన్నా," అన్నాడు నాతో. "చూడలేక పోయినా. లైను చచ్చిపోయి ఉండాది గదా అనుకున్నా. చచ్చిన లైనులోకి నా కరెంటు పోతాదని నాకు తెలవదు. తల్లి తోడు, తెలవదన్నా."

బయట కేకలు దగ్గరయ్యాయి. తుపాకులు ఎత్తకుండా భుజం భుజం ఆనించి నిలబడ్డాం. రమణయ్య తమ్ముడు నా మొహం మీదికి వచ్చి, "నువ్వు ఈ జిల్లావాడివేగా? వాడికి కాపలా ఉంటావా?" అన్నాడు. నేను కదల్లేదు, అంతే.

గుంపును చీల్చుకుని పెంచలయ్య వచ్చాడు. చొక్కా నిండా బురద. అందరినీ ఒకసారి చూశాడు.

"మీరు వాణ్ణి కొట్టేసి ఇళ్ళకు పోతారు. రేపు మళ్ళా ఆ స్తంభం ఎక్కాల్సింది నేను. ఈ గుంటల్లో ఎవురెవురు ఇట్టా కట్టుకోనుండారో వాడికే తెలుసు. వాణ్ణి నాకు ప్రాణాలతో ఇయ్యండి."

రమణయ్య తమ్ముడు తెడ్డు నీళ్ళలోకి విసిరేసి అక్కడే కూలబడి ఏడ్చాడు. సాయంత్రం పోలీసులు పడవలో వచ్చి వివరాలు రాసుకున్నారు. దారి తెరుచుకున్నాక మస్తానయ్యను తీసుకెళ్తామన్నారు. రమణయ్యను అదే పడవలో పంపాం. పడవ కనుమరుగయ్యాక ఆపరేటర్ నన్ను అడిగాడు.

"నాకు నేర్పించాడే, ఆ రెండో మాట. దానికి అర్థం ఏంటి?"

"మిఠాయి," అన్నాను. "మినుములతో చేస్తారు."

అతను తల ఊపి సెట్ తుడుచుకోవడానికి కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారగానే మస్తానయ్య మా ముందు నడిచాడు. తలెత్తకుండా, కట్ట తర్వాత కట్ట, షెడ్డు తర్వాత షెడ్డు చూపించాడు. నాలుగు చోట్ల అచ్చం అతనిలాగే కట్టుకుని ఉన్నారు. ఇద్దరు ఆ పొద్దునే ఇంజను వేయడానికి డీజిల్ పోసి పెట్టుకున్నారు. ప్రతి షెడ్డులో ఫ్యూజులు పీకి పెంచలయ్య తన సంచిలో వేసుకున్నాడు. నేను మీటరు పెట్టి చూశాను. ఈసారి తీగలను రెండు వైపులా భూమికి కట్టాం. లైను పని అయ్యేదాకా ఏ గుంటలోనూ ఇంజను నడవకూడదని పెంచలయ్య ఇంటింటికీ పోయి తనే చెప్పాడు. ఆయన చెప్పినప్పుడు ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

ఆయన ఎక్కాడు. ఆపరేటర్ కింద నిలబడ్డాడు. నేను గట్టు మీద. మధ్యాహ్నం దాటాక పంపుహౌస్ మోటారును ఆరబెట్టి, లైనుకు కరెంటు ఎక్కించి నడిపాం. ముందు బురద వచ్చింది, తర్వాత నీళ్ళు. బడి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఎవరూ సంబరపడలేదు. నీళ్ళు పట్టుకుని పోయారు.

రోడ్డు తేలాక మమ్మల్ని వెనక్కి పిలిచారు. లారీ ఎక్కేటప్పుడు పెంచలయ్య వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. బుచ్చి వైపు తిరిగే దారి దగ్గర లారీ ఆపి, ఇంటికి పోయి రమ్మని సుబేదార్ సాబ్ అన్నాడు. వద్దన్నాను. ఆ చేతులతో అమ్మ ముందు అన్నానికి కూర్చోలేననిపించింది.

ఇన్నేళ్ళయింది. ఆ మర్నాటి పొద్దున గట్టు మీదనుంచి చూసింది మాత్రం కళ్ళ ముందునుంచి పోదు. వాన వెలిసింది. ఎక్కడా ఇంజను చప్పుడు లేదు. ప్రతి గుంటలోనూ మనుషులు దిగి ఉన్నారు. మొగుడూ పెళ్ళాలు, ముసలివాళ్ళు, రొమ్ములోతు నీళ్ళలో. కొబ్బరి మట్టలతో, తట్టలతో, అన్నం గిన్నెలతో నీళ్ళను కొడుతున్నారు. నీళ్ళకు గాలి పట్టాలని, రొయ్యలు బతకాలని. జనరేటర్లు షెడ్లలోనే ఉన్నాయి. స్తంభం మీద మనిషి ఉన్నాడని ఎవరూ వాటిని ముట్టుకోలేదు. మస్తానయ్య గుంట నిండా రొయ్యలు తెల్లగా తేలిపోయి, కదలకుండా పడి ఉన్నాయి. అతను పక్కవాడి గుంటలో ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. రెండు అరచేతులతో నీళ్ళను కొడుతూ ఉన్నాడు.