గీకేసిన చుక్కలు

ముందు వినిపించేది గోళీ చప్పుడు. టకటక, టకటక. రంగు డబ్బాలో చిన్న ఇనుప గోళీ ఒకటి లోపల్లోపలే గంతులేస్తుంది. తర్వాత బుస్సుమని ఒక ఊపిరి. ఆ తర్వాతే పైన్ చెట్ల సందులోంచి ఆవిడ బయటికొస్తుంది, బుగ్గ మీద ఎర్రటి మరకతో.

వీధిలో అందరికీ ఆవిడ చుక్కలక్క. యాభై రెండేళ్ల మనిషి. అడవిని ఆనుకుని ఇళ్లున్న చోట చెట్లు మరీ ఒత్తుగా పెరిగితే, ఏవి కొట్టాలో తేల్చి కాండం మీద చుక్క పెట్టడం ఆవిడ ఉద్యోగం. చుక్క పడిందంటే ఆ చెట్టుకి నూకలు చెల్లినట్టే.

రెండేళ్ల కిందటి ఎండల్లో అడవి మంట ఈ కొండవాలు మీదే కొమ్మ నుంచి కొమ్మకి దూకుతూ వచ్చి, వీధికి కూతవేటు దూరంలో ఆగింది. గాలి మనసు మార్చుకుంది కాబట్టి ఆగింది. వీధిలో చివరి ఇల్లు ఆవిడ అక్కాబావలది. ఆ పెరటి వెనక ముప్పై నాలుగు చెట్లు భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి; ఒకటైతే ఇంటి చెక్క కప్పు మీద చెయ్యేసి మరీ. వాటిలో ఇరవై మూడు కొట్టాలి. రంపాల వాళ్లు శుక్రవారం వస్తారు, ఆ సాయంత్రమే ఇంకో కొండకి వెళ్లిపోతారు. వేడిగాలులు మొదలయ్యేలోపు మళ్లీ రారు.

సోమవారం పెట్టిన చుక్కలు మంగళవారానికి లేవు. చుక్క ఉండాల్సిన చోట గీకేసిన బెరడు, చెక్కుకుపోయిన మోకాలిలా. మళ్లీ పెట్టింది. బుధవారానికి మళ్లీ మాయం.

"అడవిలో పెద్ద ఎలుక పడ్డట్టుంది బావా," అంది ఆవిడ, అక్క ఇంటి వంటగదిలో టీ తాగుతూ.

రిటైరైన పోస్ట్‌మ్యాన్ బావ కప్పులోంచి తలెత్తలేదు. "ఎలుకలకి కూడా నచ్చట్లేదేమో నీ చేతిపని."

"గోళ్లకి ఎర్ర రంగేసుకునే ఎలుక."

ఆయన చేతులు చప్పున బల్ల కిందికి వెళ్లిపోయాయి. అక్క పొయ్యి వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది.

ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగిన కాళ్లు ఆయనవి. ఉద్యోగం అయిపోయాక తిరగడానికి వీధులు లేక, పొద్దున్నే ఆ చెట్ల మధ్య తిరుగుతాడు. ఒక్కోదానికీ ఇంటి నంబరు పెట్టాడు. కప్పు మీద చెయ్యేసినది పదిహేనో నంబరు. దాని దగ్గర ఆగి చిన్నగా దగ్గుతాడు, ఎవరో తలుపు తీస్తారన్నట్టు. ఇది తెలిశాక ఆయన మీద కోప్పడటం కష్టం. చుక్కలక్కకి ఇక మిగిలింది కొంటెతనమే.

ఆ మధ్యాహ్నం ఆవిడ రంపాల మేస్త్రీతో మాట్లాడి పద్ధతి తిరగేసింది. ఆ పెరటి వెనక చుక్క ఉన్నవి ఉంచాలి, లేనివి కొట్టాలి. వీధి మొదట్లో బోర్డు మీద కాగితం కూడా అంటించింది. బావ చదవడని తెలుసు. ముప్పై ఏళ్లు పరాయి కాగితాలు చదవకుండా మోసిన మనిషికి ఆ అలవాటు ఇప్పుడెక్కడ పోతుంది? వీధంతా చదివింది. ఒక్కరూ ఆయన చెవిన వెయ్యలేదు. ఆవిడ అదే ఎర్ర రంగుతో పదకొండు చెట్లకి చుక్కలు పెట్టి, చేతులు దులుపుకుని ఇంటికెళ్లింది.

గురువారం పొద్దున్నకి పదకొండూ శుభ్రం.

"పాపం బావా," అంది ఆవిడ పెరట్లోకి వచ్చి. "రేపు సాయంత్రానికి నీకు ఒక్క చెట్టూ మిగలదు. కొండకి బోడిగుండే." అని, తిరగేసిన పద్ధతి విడమరిచి చెప్పింది.

చేతిలోని ఇనుప బ్రష్ దాచడం కూడా మర్చిపోయాడాయన. "ఇది మోసమే!"

"కాగితం అంటించానుగా."

"కాగితాలు ఎవడు చదువుతాడే?"

"వీధిలో అందరూ."

"మీ అక్క కూడానా?"

వంటగది కిటికీ టక్కున మూసుకుంది.

ఆవిడ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. "పదకొండు. నువ్వే ఎంచుకో. ఒక చెట్టు కొమ్మల అంచుకీ పక్కదాని కొమ్మల అంచుకీ మధ్య, నేల మీద పడుకోబెడితే మీ నిచ్చెన పట్టాలి. ఇంటి గోడకీ అదే లెక్క." నిజానికి నిన్న తను చుక్కలు పెట్టిన పదకొండు చెట్ల వివరాలూ ఆవిడ జేబులోని పుస్తకంలో ఉన్నాయి. మళ్లీ పెట్టాలంటే పది నిమిషాల పని. చెప్పలేదు.

ఆయనకి నాలుగు గంటలు పట్టింది. నిచ్చెన ఈడ్చుకుంటూ, ఒక చెట్టుని బతిమాలుతూ, ఇంకోదాన్ని తిడుతూ తిరిగాడు. ఎండ చీలికలు చీలికలుగా ఆయన బట్టతల మీంచి జారుతోంది. పది చుక్కలయ్యాక పదిహేనో నంబరు ముందు ఆగి, కొలవకుండానే చుక్క పెట్టేశాడు. నిచ్చెన పరవబోతే, కొమ్మకీ ఇంటికీ మధ్య అరచెయ్యి కూడా పట్టదు. నిచ్చెన వదిలేసి, ఆ కాండం దగ్గర చిన్నగా దగ్గాడు.

"ఏమంటోంది బావా?" మెల్లగా అడిగింది చుక్కలక్క.

"ఇల్లు మారుతున్నారట," అన్నాడాయన. తను పెట్టిన చుక్కని తనే గీకేశాడు. పదకొండోది వాలు కింద, ఎప్పుడూ పలకరించని ఒక వంకర చెట్టుకి పడింది.

శుక్రవారం రంపాలు వచ్చాయి, వెళ్లాయి. శనివారం ఆకాశం పెరట్లోకి దిగింది. బావ పదకొండిళ్లు తిరిగి, టీ వేడిగా ఉండగానే వచ్చేస్తున్నాడని అక్క గొణుగుడు. మరదలితో ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు, పక్క వీధిలో ఎవరో చుక్కలు చెరిపేస్తున్నారని చాడీ మోసుకొచ్చింది మాత్రం ఆయనే.

ఆవిడ దగ్గర కూర్చుని ఈ కథంతా విని రాసుకుంటున్న మనిషి, "అయితే ఇక మంట రాదన్నమాట," అంటే ఆవిడ జాలిగా చూసింది.

"రాదని ఎవరన్నారు? వస్తుంది. వస్తే నేలబారున పాకుతూ రావాలి, మనం పారలు పట్టుకుని ఎదురెళ్లేంత నెమ్మదిగా. కొమ్మలెక్కి కప్పుల మీదికి దూకకూడదు. నా ఉద్యోగం అంతవరకే. అది సరేగానీ, మీ ఇంటి వెనక ఎన్ని చెట్లున్నాయి? తల దించుకుంటారేం, చెప్పండి!"