తిత్తి లోపలి పరికిణీ గుడ్డ

దయ్యాల కథలు చెప్పి నలుగురినీ హడలగొట్టడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. చెప్పేవాణ్ని నేనే కాబట్టి అందులో నిజమెంతో నాకు తెలుసు. అందుకే ఏనాడూ నమ్మలేదు. ఇది కూడా నేను కల్పించిందే, కానీ నా చేతిలోంచి జారిపోయింది.

మార్కాపురంలో నాకు బట్టల దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాన్ని కట్టేసి మా కళాకేంద్రానికి వెళతాను. ఒకప్పుడది పలకల గోడౌను. డ్రాయింగు టీచరుగా రిటైరైన సుభద్రక్క ఇప్పుడు దాన్ని నడుపుతోంది. ఒక నెల బొమ్మల ప్రదర్శన, ఇంకో నెల పద్యాల పోటీ. మొన్నటి వేసవిలో పాత నాటకాల సామాను పెట్టాం. కిరీటాలు, గదలు, రంగు వెలిసిన తెరలు. వచ్చినవాళ్లకు అన్నీ తిప్పి చూపించడం నా పని.

అందులో ఒక కాలి హార్మోనియం ఉంది. గోడౌను అటక మీద దొరికింది. దాని చీటీ మీద సుభద్రక్క ‘ఎవరిదో తెలియదు’ అని రాసింది. ఆ మాట చూస్తే నా నోరు ఊరుకోదు. వారానికొక యజమానిని పుట్టించేవాణ్ని.

“పిల్లోళ్లు గూడా వస్తారు, ఆ కోతలు కొంచెం తగ్గించు” అనేది సుభద్రక్క.

“తగ్గిస్తే ఎవరొస్తారక్కా?” అనేవాణ్ని.

ఆరోజు బయట ఎండ మండిపోతోంది. లోపల మాత్రం చల్లగా, నీళ్ల అడుగున ఉన్నట్టుగా ఉంది. పైకప్పు అద్దంలోంచి దిగిన వెలుతురు తెరల మీదుగా మెల్లగా జరుగుతుంటే, గీసిన అడవి ఊగుతున్నట్టే తోచింది. నాకు కునుకు పడుతోంది. ఐదారుగురు వచ్చారు. సగం నిద్రలోనే లేచి చూపించాను. హార్మోనియం దగ్గర నోరు దానంతటదే మొదలుపెట్టింది.

గాలి తిత్తి చిరిగితే, ఇది వాయించే ఆయన కూతురి పాత పరికిణీ చించి లోపల అతికించుకున్నాడని చెప్పాను. ఆకుపచ్చ గుడ్డ, దాని మీద తెల్ల నెమళ్లు. చిరిగిన అంచున ఒక నెమలికి తల లేదని కూడా అన్నాను.

అందరూ ముందుకు కదిలినా ఒకావిడ కదల్లేదు. అరవై దాటి ఉంటాయి. యర్రగొండపాలెం అవతల పల్లె నుంచి వచ్చి, బస్సుకు టైముందని లోపలికొచ్చింది.

“ఆ పరికిణీ నాది తమ్ముడూ. నీకెవురు చెప్పినారు?”

హార్మోనియం వాయించే వాళ్ల నాయన గిద్దలూరులో నాటకానికని పోయి మళ్లీ రాలేదట. ఎక్కడో ఇంకో సంసారం పెట్టాడని ఊరంతా తేల్చేసింది. వాళ్లమ్మ చనిపోయేదాకా నలుగురిలో తలెత్తలేదు.

నాకు సిగ్గేసింది. “అక్కా, అదంతా నేనల్లిన అబద్ధం. ఆ పెట్టెను మేమింతవరకూ విప్పనేలేదు” అన్నాను.

“అయితే ఇప్పు.”

మరలు తుప్పుపట్టి ఉన్నాయి. నూనె వేసి విప్పడానికి అరగంట పట్టింది. సుభద్రక్క టార్చి వేసింది. తిత్తి లోపల ఆకుపచ్చ గుడ్డ. తెల్ల నెమళ్లు. అంచున ఒకదానికి తల లేదు.

బట్టలమ్మేవాణ్ని కాబట్టి గుడ్డ నోటికొచ్చింది, సరే. నెమళ్లెక్కడివి? లోపలికి చూద్దామన్నా పెట్టెకు సందు కూడా లేదు.

ఆవిడ ఆ గుడ్డను వేలితో నిమిరింది. “గిద్దలూరు నుంచి మా ఊరికి దోవ ఇదే. నాయన మమ్మల్ని ఇడిచిపెట్టి పోలేదు గదా? ఇంటికే బయల్దేరినాడు గదా?”

“నాకేం తెలుసక్కా!”

“ఇది మాత్రం తెలిసే చెప్తివా? చెప్పు.”

ఇన్నేళ్లుగా నోటికొచ్చింది వాగినవాణ్ని, ఆ ఒక్క మాట చెప్పడానికి వెనకాడాను. “ఇంటికే బయల్దేరినాడక్కా. నీకు కొత్త పరికిణీ గుడ్డ తీసుకొని” అన్నాను.

“ఏం రంగు?”

“వంగపండు రంగు.”

ఆవిడ ఆ గుడ్డ మీది దుమ్మును చెంగుతో తుడిచింది. తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. “అదే తెమ్మని చెప్పినా” అంది.

ఆ రంగు నా నోటికెలా వచ్చిందో ఇప్పటికీ అంతుబట్టలేదు. అబద్ధమని చెప్పుకోవడానికి మాత్రం నాకు ధైర్యం చాలడం లేదు.